సబ్‌మరైనరా, సీమాస్టరా? జనవరిలో అండమాన్ ప్రయాణం, ఇంకా తేల్చుకోలేదు

గచ్చిబౌలి_గడియారం · అక్టోబరు 12, రాత్రి 10:41

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

జనవరిలో నాకు 40 నిండుతాయి. ఒకే ఒక మంచి డైవ్ వాచీ కొనాలని కొన్నేళ్లుగా డబ్బు పక్కన పెడుతూ వచ్చాను. చివరికి రెండు దగ్గర ఆగిపోయాను. ఒకటి రోలెక్స్ సబ్‌మరైనర్, తేదీ లేనిది, మోడల్ నంబరు 124060. రెండోది ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం, నీలం డయల్, 42 మి.మీ.

నా సంగతి చెప్తాను. మణికట్టు ఆరున్నర అంగుళాలు. పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందే. పోయినేడాది హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే డైవింగ్ కోర్సు చేశాను, జనవరిలో మా ఆవిడా నేనూ మళ్ళీ వెళ్తున్నాం. కాబట్టి లాకర్లో పెట్టడానికి కాదు, నీళ్లలో దిగడానికే. ఇప్పటిదాకా పెట్టుకున్నవి మూడే: టెన్త్ పాసైనప్పుడు నాన్న తన చేతి నుంచి తీసిచ్చిన ఆల్విన్, ఉద్యోగం వచ్చాక టైటన్, ఐదేళ్లుగా ఒక సీకో.

షోరూములకి ఫోన్ చేశాను. ఒమేగా వాళ్లు "ఎప్పుడైనా రండి సార్" అన్నారు. రోలెక్స్ వాళ్లు "పేరు రాసుకుంటాం సార్" అన్నారు. ఆ తేడా నాకు అర్థమైంది. మిగతా తేడాలు మీరు చెప్పాలి.

డాలస్_బావ · అక్టోబరు 12, రాత్రి 11:20

ఇందులో అడగడానికేముంది బ్రో, సబ్. డైవ్ వాచీ బొమ్మ గీయమని చిన్నపిల్లాడికి చెప్పినా అదే గీస్తాడు. 1953లో పుట్టింది, ఇప్పటికీ దూరం నుంచి చూస్తే అదే ముఖం.

నా దగ్గర 2021 నుంచి ఉంది. 41 మి.మీ. అంటారు గానీ చేతి మీద అంత కనపడదు. కంపెనీ చెప్పే లెక్క రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ, నాది అంత కూడా తేడా రాదు. అన్నిటికంటే నాకు నచ్చింది చైను క్లాస్పు, అంటే చైను మూసే తాళం. గ్లైడ్‌లాక్ అంటారు. లోపలి పళ్ళ మీద 2 మి.మీ. చొప్పున జరుపుకుంటూ మొత్తం 20 మి.మీ. దాకా పెంచొచ్చు, పనిముట్టు అక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యి ఉబ్బితే ఒక పన్ను వదులు, సాయంత్రం మళ్ళీ బిగింపు. టెక్సస్ ఎండలో దీని విలువ తెలిసింది.

ఒమేగా మంచిదే, కాదనను. కానీ అది కొంటే రెండేళ్ల తర్వాత ఇక్కడికే వచ్చి "ఒమేగా అమ్మేసి సబ్ కొననా" అని ఇంకో చర్చ మొదలుపెడతావు. చాలామందిని చూశాను.

పాత_ఆల్విన్ · అక్టోబరు 13, ఉదయం 6:05

బావగారూ, 1953 మాట సరే. అదే ఏడాది బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ కూడా వచ్చిందని మర్చిపోకండి. ఒమేగా అయితే 1932లోనే మెరీన్ అని నీళ్లలో పెట్టుకునే వాచీ అమ్మింది. పుట్టుక లెక్కలు తీస్తే గొడవే.

గచ్చిబౌలి గారూ, మీ నాన్నగారి ఆల్విన్ ఇంకా నడుస్తోందా? హైదరాబాద్‌లో తయారైన వాచీ అది. పారేయకండి.

ఇక అసలు విషయం. నేను ముప్పై ఏళ్లుగా వాచీలు విప్పి బిగిస్తున్నవాణ్ణి, అందుకని మిషన్ల గురించే చెప్తాను. సీమాస్టర్లో ఉన్నది 8800. అందులో కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ ఉంటుంది, అంటే స్ప్రింగు బలాన్ని కొద్దికొద్దిగా వదిలే భాగం. జార్జ్ డేనియల్స్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు, ఒమేగా 1999లో మార్కెట్లోకి తెచ్చింది. మామూలు లీవరులో పళ్ళచక్రం రాతి మీద జారుతూ తోస్తుంది, అందుకే అక్కడ నూనె లేకపోతే కుదరదు. ఇందులో ఆ జారుడు చాలా తగ్గించాడు. కాగితం మీద గొప్ప ఆలోచన, బల్ల మీద కాస్త ఓపిక పరీక్ష.

మీకు పనికొచ్చేది ఇంకోటుంది. 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా అయస్కాంతం దాన్ని ఏమీ చేయదు. ల్యాప్‌టాప్ మూతలో అయస్కాంతం, ఫోన్ కవర్లో అయస్కాంతం, స్పీకర్లో అయస్కాంతం. "వాచీ ఉన్నట్టుండి ముందుకు పరిగెత్తుతోంది సార్" అని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ వాటికి జబ్బు అదే. టైమ్ పట్టే సన్నటి స్ప్రింగు, హెయిర్‌స్ప్రింగు అంటారు, దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టు కొట్టుకుంటుంది. సబ్‌లో ఉండే రోలెక్స్ 3230 మిషన్‌లో ఉన్న నీలం పారాక్రోమ్ స్ప్రింగు కూడా మామూలు ఇంటి అయస్కాంతాలకి లొంగదు. అంటే ఇద్దరూ పాసే, ఒమేగాది డిస్టింక్షన్.

చేతికి లేకపోయినా ఎంతసేపు నడుస్తుందనే నిల్వ విషయంలో మాత్రం రోలెక్స్ ముందుంది. శుక్రవారం రాత్రి 9కి తీసి బల్ల మీద పెట్టారనుకోండి. 55 గంటల ఒమేగా సోమవారం తెల్లవారుజామున 4కి ఆగుతుంది. 70 గంటల సబ్ సోమవారం రాత్రి 7 దాకా నడుస్తుంది. వారాంతం వేరే వాచీ పెట్టుకునే అలవాటుంటే ఈ లెక్క చూసుకోండి. ఒకటే వాచీ అయితే వదిలేయండి.

సెకన్లముల్లు · అక్టోబరు 13, ఉదయం 9:32

నేనైతే లెక్కలు చూస్తా. ఇద్దరిదీ 300 మీటర్లే. ఇద్దరిదీ సిరామిక్ బెజెలే (డయల్ చుట్టూ తిరిగే రింగు), సఫైర్ గ్లాసే, ఐదేళ్ల వారంటీయే. ధర మాత్రం ఒమేగాది దాదాపు మూడింట రెండు వంతులు. మిగతా ఒక వంతు దేనికి? డయల్ మీద కిరీటం బొమ్మకి.

డాలస్_బావ · అక్టోబరు 13, ఉదయం 9:50

అమ్మేటప్పుడు ఆ కిరీటమే తిరిగిస్తుంది బాసూ. ఒమేగా షోరూం మెట్లు దిగగానే తగ్గుతుంది. సబ్‌కి చాలాచోట్ల కొన్న రేటు కంటే ఎక్కువే పలుకుతుంది.

సెకన్లముల్లు · అక్టోబరు 13, ఉదయం 9:58

2022 మొదట్లో ఇదే మాట నమ్మి దళారుల దగ్గర షోరూం రేటు కంటే చాలా ఎక్కువ పెట్టి కొన్నవాళ్లని తర్వాత ఏడాది అడిగి చూడండి. ఆయన 40వ పుట్టినరోజుకి కొనుక్కుంటున్నాడు, రియల్ ఎస్టేట్ కాదు.

వైజాగ్_అలలు · అక్టోబరు 13, మధ్యాహ్నం 1:15

ఏది కొన్నా సరే, ముందు నా కథ వినండి. నాలుగేళ్ల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో ఒక స్విస్ డైవ్ వాచీ తీసుకున్నా. అమ్మినాయన "గ్యాస్కెట్లు కొత్తవి వేశాం, వాటర్ టెస్ట్ అయింది" అన్నాడు. కాగితం అడగడానికి మొహమాటపడ్డా. ఆదివారం ఋషికొండలో నడుంలోతు నీళ్లలో దిగా. మీరు డైవింగ్‌లో దిగే 18 మీటర్లు కాదు, నడుంలోతు! బయటికొచ్చి టీ తాగుతుంటే గ్లాసు లోపల చిన్న మబ్బు. నాలుగింటికల్లా 6 అంకె కనపడలేదు.

విప్పి చూస్తే రబ్బరు రింగు ఎండిపోయి బద్దలుగా ఉంది. దానికి తోడు పొద్దున టైమ్ కలిపి కీ లోపలికి తిప్పి బిగించడం నేనే మర్చిపోయా. తప్పు సగం అతనిది, సగం నాది. ఉప్పునీళ్లకి ఆ లెక్క లేదు, డయలూ పోయింది, మిషనూ పోయింది.

సబ్‌కి కీ మీద కిరీటం బొమ్మ కింద మూడు చుక్కలుంటాయి, ట్రిప్‌లాక్ అని గుర్తు. ఎన్ని చుక్కలున్నా బిగించకపోతే ఒకటే.

కొనుగోలు_మిత్ర · అక్టోబరు 13, మధ్యాహ్నం 2:02

[నిర్వాహకుల చేత తొలగించబడింది. అమ్మకపు లింకులు ఇక్కడ వద్దు.]

బెల్‌డైవర్_కాకినాడ · అక్టోబరు 13, రాత్రి 8:47

తమ్ముడూ, నేను 14 ఏళ్లు ఆఫ్‌షోర్‌లో డైవర్‌గా చేశాను. బాంబే హైలోనూ చేశాను, మన కేజీ బేసిన్‌లోనూ చేశాను. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు.

సీమాస్టర్‌కి 10 దగ్గర ఇంకో చిన్న కీ ఉంటుంది చూడు, హీలియం వాల్వు. దాని గురించి షోరూంలో పెద్ద కథ చెప్తారు. నిజం కథ ఇదీ. లోతులో వారాల తరబడి పని ఉంటే మమ్మల్ని పీడనం ఉన్న చాంబర్లో ఉంచుతారు. తిండీ నిద్రా అందులోనే, డైవింగ్ బెల్ అనే గంట లాంటి పెట్టెలో కూర్చోబెట్టి కిందికి దింపుతారు, మళ్ళీ అందులోకే. పీల్చేది హీలియం కలిపిన గాలి. హీలియం అణువు ఎంత చిన్నదంటే రబ్బరు రింగుల్లోంచి వాచీలోకి నెమ్మదిగా దూరుతుంది. చివర్లో పీడనం తగ్గిస్తూ వస్తారు, దానికే రోజులు పడుతుంది. లోపల చేరిన గ్యాసు అంత తొందరగా బయటికి రాలేదు. అప్పుడు గ్లాసు టప్పున ఎగిరిపోతుంది. అందుకని 1960ల్లో వాల్వు పెట్టారు. రోలెక్స్ కూడా ఆ పనికి 1967లో సీ-డ్వెల్లర్ అని వేరే వాచీ చేసింది, సబ్‌కి పెట్టలేదు.

నువ్వు ట్యాంకులో మామూలు గాలితో 18 మీటర్లు దిగుతావు. నీకు ఆ వాల్వుతో పనే లేదు. బిగించి ఉంచు, పిల్లల్ని తిప్పనివ్వకు, అంతే.

ఇక దేనితో పని? బెజెల్‌తో. దిగేముందు బెజెల్ మీదున్న చుక్కని నిమిషాల ముల్లుకి ఎదురుగా తెచ్చుకో. ఆ తర్వాత ముల్లు ఎక్కడుందో చూస్తే ఎన్ని నిమిషాలైందో తెలిసిపోతుంది. అది ఒకవైపే ఎందుకు తిరుగుతుందో తెలుసా? పడవకో రాయికో తగిలి జరిగినా ఎక్కువ టైమ్ అయినట్టే చూపిస్తుంది, నువ్వు ముందే పైకొస్తావు. తప్పు జరిగినా మనిషి బతికే వైపే జరగాలని అలా చేశారు. కిందికెళ్ళాక గంటల ముల్లు ఎక్కడుందో ఎవడికి కావాలి తమ్ముడూ? నిమిషాల ముల్లు ఒక్కటే లోకం.

డైవ్ కంప్యూటర్ (లోతూ టైమూ చూపించే, చేతికి కట్టుకునే పరికరం) లేకుండా మాత్రం దిగకు. వాచీ రెండో సాక్షి, అంతే.

గచ్చిబౌలి_గడియారం · అక్టోబరు 13, రాత్రి 9:30

అన్నా, ఈ ఒక్క పోస్టు కోసమైనా చర్చ పెట్టడం మంచిదైంది. కోర్సులో మాకు బెజెల్ మాటే చెప్పలేదు. కంప్యూటర్ అద్దెకిచ్చారు, దాన్నే చూసుకున్నాం.

దుబాయ్_రాజోలు · అక్టోబరు 14, ఉదయం 7:12

డబ్బు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఇండియాలో షోరూంలో కొంటే 2 లక్షలు, ఆపైన నగదు ఇవ్వడానికి లేదు, పాన్ ఎలాగూ అడుగుతారు. వాచీ రేటు 10 లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటున్నారు. అది రిటర్న్‌లో సర్దుకోవచ్చు, పోయే డబ్బు కాదు. స్విట్జర్లాండ్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. వాచీల మీద డ్యూటీ కొన్నేళ్లపాటు విడతలవారీగా తగ్గుతుంది. దాని కోసం జనవరి ప్రయాణం ఆపుకోనవసరం లేదు.

నెల్లూరు_నైన్ · అక్టోబరు 14, ఉదయం 7:40

ఇవన్నీ ఎందుకన్నా. దుబాయ్‌లో కొని చేతికి పెట్టుకుని కస్టమ్స్ గ్రీన్ చానెల్లో నడిచొచ్చేయడమే. డబ్బా తర్వాత ఎవరైనా తెస్తారు.

దుబాయ్_రాజోలు · అక్టోబరు 14, ఉదయం 7:55

ఇలాంటి సలహా ఇచ్చినవాళ్లెవరూ శంషాబాద్‌లో మనతో పాటు నిలబడరు తమ్ముడూ. పట్టుకుంటే డ్యూటీ, పైన జరిమానా, వాచీ అక్కడే ఉండిపోవచ్చు కూడా. బిల్లు పట్టుకుని రెడ్ చానెల్లోకి వెళ్లి కట్టేసి రావాలి. అదంతా కలుపుకుంటే ఇక్కడి రేటుకీ అక్కడి రేటుకీ పెద్ద తేడా ఉండదు. ఐదేళ్ల వారంటీ కార్డు హైదరాబాద్ షోరూంది ఉంటేనే మనకి సుఖం.

నిర్వాహకుడు · అక్టోబరు 14, ఉదయం 8:10

కస్టమ్స్ ఎగ్గొట్టే చిట్కాలు ఇంకొకటి కనిపిస్తే చర్చకి తాళం వేస్తాను. నెల్లూరు గారికి ఇది మొదటి హెచ్చరిక.

చైనువాచీ · అక్టోబరు 14, సాయంత్రం 6:26

రెండూ వాడినదాన్ని, నా మాట. సీమాస్టర్ డయల్ ఫోటోల్లో చూసినట్టు ఉండదు. సిరామిక్ పలక మీద అలలు లేజర్‌తో చెక్కారు. ఎండలో ఒకలా, ట్యూబులైటు కింద ఇంకోలా ఉంటుంది. వెనకమూత గాజు, మిషన్ కనిపిస్తుంది. సబ్ వెనక వట్టి ఉక్కు, ఏమీ ఉండదు. కొందరికి అదే ఇష్టం.

ఒమేగాతో నా పేచీలు రెండు. చైను మధ్య గొలుసులకి మెరుపు ఎక్కువ, వారానికే గీతలు. బెజెల్ అంచు దువ్వెన పళ్ళలా కాకుండా గుండ్రటి గుంటలుగా ఉంటుంది, తడిచేత్తో పట్టు దొరకదు. సబ్ బెజెల్ రూపాయి అంచులా ఉంటుంది, 120 క్లిక్కులు, తిప్పుతుంటే బీరువా తాళం శబ్దం. ఆ శబ్దం కోసమే మీటింగుల్లో తిప్పేదాన్ని.

ఆరున్నర అంగుళాల చెయ్యి అన్నారు కదా. డయల్ సైజు చూడకండి, కొమ్ము నుంచి కొమ్ముకి ఎంతో చూడండి, కొమ్ములంటే బెల్టు తగిలించే చివరలు. సబ్ 48 మి.మీ. దగ్గర, ఒమేగా 50 దగ్గర. మందం సబ్‌ది పన్నెండున్నర దగ్గర, ఒమేగాది పదమూడున్నర దాటుతుంది. వెళ్లి పెట్టుకుని చూడకుండా మేమెంత రాసినా దండగ.

బాండ్_బాబు · అక్టోబరు 14, రాత్రి 10:10

ఇంకా ఎవరూ అనలేదేంటి? 1995 నుంచీ బాండ్ చేతికి ఒమేగా. అయిపోయింది చర్చ.

డాలస్_బావ · అక్టోబరు 14, రాత్రి 10:31

1962లో మొదటి బాండ్ చేతికి ఏముందో చూసుకో బాబూ. సబ్‌మరైనర్. ఇప్పుడు అయిపోయింది.

గచ్చిబౌలి_గడియారం · నవంబరు 2, మధ్యాహ్నం 4:18

నిన్న షోరూములకి వెళ్లొచ్చాను. వివరంగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు రోలెక్స్. అద్దాల పెట్టెలో 124060 ఉంది, పక్కన చిన్న కార్డు: ప్రదర్శనకి మాత్రమే. అడిగితే తీసి చేతికి పెట్టారు. నిజం చెప్పాలంటే పెట్టుకున్న క్షణం ఒమేగా సంగతి మర్చిపోయాను. మణికట్టుకి పరుచుకుని కూర్చుంది, ఎక్కడా కొమ్ములు బయటికి రాలేదు. తేదీ లేకపోవడంతో ముఖం ప్రశాంతంగా ఉంది. బావగారి గ్లైడ్‌లాక్ జరిపి చూశాను, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎప్పుడొస్తుందని అడిగితే, ఆ అబ్బాయి చాలా మర్యాదగా "మాట ఇవ్వలేం సార్" అన్నాడు. పేరు రాయించాను. ఇంకేమైనా కొంటే త్వరగా వస్తుందన్నట్టు ఎక్కడా మాట రాలేదు, అది నచ్చింది.

తర్వాత ఒమేగా. చైనుతో పెట్టుకుంటే కొంచెం ఎత్తుగా, కాస్త పెద్దగా అనిపించింది. చైనువాచీ గారు చెప్పిన ఆ మిల్లీమీటరు తేడా నిజంగానే తెలిసింది. మా ఆవిడ "ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది" అంది. రబ్బరు బెల్టుతో ఇంకోటి ఇచ్చారు. దాంతో వాచీ కిందికి దిగి చేతికి హత్తుకుంది. బరువు కూడా తగ్గింది.

అప్పుడు ఒక పని చేశాను. కోటు విప్పి, వాచీ మీద కప్పి, లోపలికి తల దూర్చాను. సేల్స్ అమ్మాయి నవ్వింది, పర్వాలేదు. లోపల గంటల ముల్లూ అంకెల చుక్కలూ అన్నీ నీలంగా వెలుగుతున్నాయి. నిమిషాల ముల్లు, బెజెల్ మీది చుక్క, ఈ రెండు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. కాకినాడ అన్న చెప్పిన మాట అక్కడ కనిపించింది. వెతకాల్సిన పని లేదు, ఆకుపచ్చదాన్ని ఆకుపచ్చదానికి కలపడమే. సబ్ బాగా వెలుగుతుంది, కానీ అంతా ఒకటే నీలం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సబ్ చేతికి బాగుంది. సీమాస్టర్ చీకట్లో బాగుంది. పైగా జనవరికి చేతికొచ్చేది అదొక్కటే.

ఈ రోజు పొద్దున వెళ్లి తీసుకున్నాను. నీలం డయల్, రబ్బరు బెల్టు.

డాలస్_బావ · నవంబరు 2, రాత్రి 9:05

కంగ్రాట్స్ బ్రో. 2027లో కలుద్దాం, ఆ ఇంకో చర్చలో. 😄

పాత_ఆల్విన్ · నవంబరు 3, ఉదయం 5:58

శుభం. రోజూ ఎంత ముందుకెళ్తోందో ఒక వారం రాసిపెట్టండి. సున్నా నుంచి ఐదు సెకన్ల ముందు దాకా ఉండాలి, వెనక్కి వెళ్లకూడదు. రాత్రి డయల్ పైకి పెట్టి పడుకోబెడితే ఒక లెక్క, కీ కిందికి ఉండేలా నిలబెడితే ఇంకో లెక్క వస్తుంది. మీ వాచీకి ఏ భంగిమ నచ్చుతుందో మీరే కనిపెట్టండి. నాన్నగారి ఆల్విన్ సంగతి ఇంకా చెప్పలేదు.

గచ్చిబౌలి_గడియారం · నవంబరు 11, రాత్రి 10:22

మూడు సెకన్లు ముందుకి, ఏడు రోజులూ అంతే. ఆల్విన్ ఆగిపోయి ఉంది మాష్టారూ. నాన్న బీరువాలో జేబురుమాలులో చుట్టి పెట్టుకున్నారు. మీరు వరంగల్‌లో ఎక్కడుంటారో మెసేజ్ పెట్టండి, సంక్రాంతికి అటే వస్తున్నాం.

గచ్చిబౌలి_గడియారం · జనవరి 24, రాత్రి 8:50

హావ్‌లాక్ నుంచి రాస్తున్నా. నాలుగు డైవులు అయ్యాయి. ఎడమచేతికి కంప్యూటర్, కుడిచేతికి వాచీ. రెండో డైవులో 16 మీటర్ల దగ్గర చూస్తే కంప్యూటర్ 23 నిమిషాలంది, ఆకుపచ్చ ముల్లు కూడా 23 దగ్గరే ఉంది. నాకే ఒక చిన్న సంబరం.

ఫిర్యాదు ఒకటుంది. చైనువాచీ గారు చెప్పినట్టే బెజెల్ తడివేళ్లకి లొంగదు. పడవలో కూర్చుని టవల్‌తో పట్టుకుని తిప్పాల్సి వచ్చింది. బోటు కుర్రాడు "సార్, డబ్బా మూత రావట్లేదా" అన్నాడు.

చైనువాచీ · జనవరి 24, రాత్రి 9:14

చెప్పానా! నీళ్లలో దిగాక తిప్పడం ఇంకా కష్టం. పడవలోనే సెట్ చేసుకోండి.

బెల్‌డైవర్_కాకినాడ · జనవరి 24, రాత్రి 9:40

మంచినీళ్లతో కడిగావా తమ్ముడూ? గీత పడిందా?

గచ్చిబౌలి_గడియారం · జనవరి 24, రాత్రి 9:43

కడిగానన్నా, ప్రతిసారీ బకెట్లో ముంచి బెజెల్ తిప్పుతూ కడిగా. గీత పడింది. ట్యాంకు వాల్వుకి తగిలి, ఒక కొమ్ము మీద, గోరంత.

బెల్‌డైవర్_కాకినాడ · జనవరి 24, రాత్రి 9:45

అయితే ఇప్పుడు నీదైంది. రేపు ఎన్నింటికి పడవ?